ఇంటి ఆవరణలో కలుపు: రసాయనరహిత నివారణ, పెరటి అమరిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇళ్ల ఆవరణల్లో కలుపును తొలగించడానికి కలుపు మందులకు బదులుగా ఉప్పు, వెనిగర్ వంటి పదార్థాలను సూచించే ధోరణి ఇటీవల పెరిగింది. మొక్క వ్యాపించే తీరును గుర్తించి, దానికి వెలుతురూ చోటూ నీరూ అందకుండా ఆవరణను అమర్చడమే నిజమైన రసాయనరహిత నివారణ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తుంగ, గరిక, వయ్యారిభామ ఇందులో ప్రధాన ఉదాహరణలు. వాకిలి, పెరడు అనే సంప్రదాయ విభజననూ, వేసవి దుక్కినీ, కలుపు మొక్కలను కూరగా, పత్రిగా, పూలుగా వినియోగించే అలవాటునూ ఈ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కలుపు, తుంగ, గరిక, వయ్యారిభామ, ఆచ్ఛాదన, వాకిలి, పెరడు, విత్తన నిల్వ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘కలుపు’ ఏ ఒక్క మొక్కకూ పేరు కాదు. వరిలో మొలిచిన ఊద కలుపు. మిరపతోటలో తనంతట తాను మొలిచిన తోటకూర కలుపు. అదే తోటకూరను పెరటి మడిలో విత్తుకుంటే పంట. ఈ పదాన్ని ‘కలుపుట’ అనే క్రియతో ముడిపెట్టి, పైరులో కలిసి పెరిగేది కాబట్టి కలుపు అయిందని వివరించడం పరిపాటి. అయితే తమిళంలో ‘కళై’, కన్నడంలో ‘కళె’ ఇదే అర్థంలో ఉన్నాయి. తమిళంలో ‘కళై’కి తీసివేయు, పెరికివేయు అనే క్రియార్థం కూడా ఉంది. సోదర భాషల్లోని ఈ రూపాలను గమనించకుండా ‘కలుపుట’తో సరిపెట్టుకోవడం తొందరపాటే అవుతుంది. వ్యుత్పత్తి ఏదైనా, రెండు వివరణలూ మొక్క స్వభావాన్ని కాక మనిషికీ మొక్కకూ ఉన్న సంబంధాన్నే చెబుతున్నాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించగా 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. దుక్కి, విత్తు, కలుపు, కోతలకు సంబంధించి ఎంత సూక్ష్మమైన పరిశీలన తెలుగు రైతుల మాటల్లో నిక్షిప్తమై ఉందో ఆ సంపుటం తెలియజేస్తుంది. పొలం నుంచి పట్టణానికి తరలిన కుటుంబాలు ఆ మాటలలో చాలావాటిని వెంట తెచ్చుకోలేదు. రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టి, చుట్టూ మిగిలిన రెండు మూడు గజాల వెడల్పు నేలలో తొలకరి తరువాత మొలిచిన పచ్చదనమంతా వారికి ‘పిచ్చి మొక్కలు’గానే కనిపిస్తుంది. పేరు తెలియని మొక్కను వదిలించుకోవడానికి దుకాణంలో దొరికే సీసా ఒక్కటే మార్గమనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ సీసా తెచ్చే ప్రమాదం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల వర్గంలో చేర్చింది. ఆ నిర్ణయంపై శాస్త్రవేత్తలలో వాదోపవాదాలు ఇప్పటికీ సాగుతున్నాయి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో వెలువరించిన ఉత్తర్వులో గ్లైఫోసేట్‌ను అనుమతి పొందిన తెగుళ్ల నియంత్రణ నిర్వాహకులు తప్ప మరెవరూ చల్లరాదని పరిమితి విధించింది. పారాక్వాట్ విషయంలో ఇటువంటి వాదానికే తావులేదు. దానికి విరుగుడు లేదు. శరీరంలోకి వెళ్లిన కొద్ది పరిమాణమే ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో అటువంటి డబ్బా నిల్వ ఉండటం, పెరట్లో కలుపు ఉండటం కన్నా ఎన్నో రెట్లు పెద్ద సమస్య.

2. ‘రసాయనరహితం’ అనే మాటకు అర్థం

కలుపు మందుకు ప్రత్యామ్నాయంగా ప్రచారంలో ఉన్న ఇంటి చిట్కాలలో ప్రధానమైనవి మూడు: ఉప్పునీరు, వెనిగర్, మరుగునీరు. వంటింట్లో దొరికినంత మాత్రాన ఉప్పు రసాయనం కాకుండా పోదు. నేలలో చేరిన సోడియం మట్టి రేణువుల అమరికను చెదరగొడుతుంది. నల్లరేగడి వంటి బంకనేలల్లో దీని ప్రభావం మరీ ఎక్కువ. నీరు ఇంకదు, ఎండితే నేల రాయిలా బిగుసుకుంటుంది. వాన నీటితో కిందికి దిగిన ఉప్పు పక్కనున్న కరివేపాకు, మామిడి వేళ్లకూ చేరుతుంది. గోడ వారగా పోసిన ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోని ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుందన్న సంగతిని చిట్కాలు చెప్పేవారు ప్రస్తావించరు. మొత్తం మీద కలుపుకు పరిష్కారంగా ఉప్పును సూచించడం బాధ్యతారాహిత్యం. దాని హాని కొన్ని కలుపు మందుల హాని కన్నా ఎక్కువకాలం నేలలో నిలుస్తుంది.

వెనిగర్ సంగతి వేరు. వంటకు వాడే వెనిగర్‌లో సుమారు ఐదు శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. అది తగిలిన ఆకును మాడ్చుతుంది, అంతకుమించి ఏమీ చేయదు. రెండు మూడు ఆకుల మొలక చనిపోవచ్చు. భూమిలో దుంప ఉన్న తుంగ వారం తిరక్కుండానే మళ్లీ చిగురిస్తుంది. గాఢత పెంచిన ఆమ్లం కళ్లకూ చర్మానికీ ప్రమాదకరం. మరుగునీటికి మాత్రం ఒక పరిమితమైన ప్రయోజనం ఉంది. నాపరాళ్ల సందుల్లో, మెట్ల అంచుల్లో, పనిముట్టు దూరని చోట మొలిచిన లేత మొక్కలను అది చంపుతుంది, ఏ అవశేషమూ మిగల్చదు. అన్నం వార్చిన గంజిని, వేడి తగ్గకముందే, ఆ సందుల్లో పోసినా ఇదే ఫలితం వస్తుంది.

ఈ మూడింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే: కలుపును కంటికి కనిపించే ఆకుగా మాత్రమే చూడటం. ఆకు తొలగిన తరువాత నేలలో ఏమి మిగిలి ఉందన్నదే అసలు ప్రశ్న.

3. నేలలోని విత్తన నిల్వ

అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో కలుపు విత్తనాలను ఇసుకలో కలిపి ఇరవై సీసాల్లో నింపి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్లకొకసారి ఒక్కో సీసాను వెలికితీసి మొలకెత్తించే ఆ ప్రయోగాన్ని ఆయన వారసులు నేటికీ కొనసాగిస్తున్నారు. 2021లో తీసిన సీసాలోని వెర్బాస్కమ్ విత్తనాలు కొన్ని మొలకెత్తాయి. అన్ని కలుపు విత్తనాలకూ అంతటి ఆయుష్షు ఉండదు. అయినా, ఈ ఏడు రాలిన గింజలు ఈ ఏడే మొలిచి అయిపోతాయన్న భావన సరికాదని ఈ ప్రయోగం నిరూపించింది.

నేలలో నిద్రాణంగా ఉన్న చిన్న విత్తనాల్లో చాలావాటికి మొలకెత్తడానికి వెలుతురు సోకడం అవసరం. పార వేసి లోతుగా తవ్విన ప్రతిసారీ కింది పొరల్లోని విత్తనాలు పైకి వచ్చి వెలుతురు చూస్తాయి. శ్రద్ధగా తవ్వి శుభ్రం చేసిన మడిలోనే పదిహేను రోజులకు మరింత దట్టంగా కలుపు రావడానికి కారణం ఇదే. తెలుగు రైతులు ఈ సంగతిని మరోవిధంగా వినియోగించుకున్నారు. తొలకరి వానకు మొలిచిన కలుపును పైపైన గుంటక తోలి చంపి, ఆ తరువాతే విత్తనం వేయడం మెట్ట సేద్యంలో ఉన్న పద్ధతి. పెరటి మడికీ ఇది వర్తిస్తుంది. మడిని సిద్ధం చేసి, నీరు పెట్టి, పది పన్నెండు రోజులు ఏమీ విత్తకుండా ఆగి, మొలిచిన కలుపును దోకుడు పారతో అంగుళం లోతు మించకుండా చెక్కివేయాలి. వీలైతే ఇంకొకసారి ఇలాగే చేయాలి. అప్పుడు విత్తిన ఆకుకూరకు పోటీ బాగా తగ్గుతుంది. అంగుళం మించితే చేసిన పని వృథా. కొత్త గింజలకు మళ్లీ వెలుతురు చూపించినట్లవుతుంది.

ఎండను ఆయుధంగా వాడే మరో పద్ధతి సౌరీకరణం. ఇజ్రాయెల్‌కు చెందిన జాకొవ్ కటాన్ బృందం 1976లో దీన్ని శాస్త్రీయంగా ప్రతిపాదించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1980లలో కంది, శనగ పంటల ఎండుతెగులు విషయంలో దీన్ని పరీక్షించారు. తడిపిన నేలపై పారదర్శకమైన పాలిథిన్ పట్టాను గాలి చొరకుండా పరచి, అంచులను మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పై పొరలోని చాలా ఏకవార్షిక విత్తనాలు వేడికి చనిపోతాయి. పట్టా పారదర్శకంగా ఉండటం, నేల తడిగా ఉండటం రెండూ తప్పనిసరి. నల్లపట్టా తానే వేడెక్కుతుంది గానీ నేలను అంతగా వేడెక్కించదు. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు ప్రాంతాల ఎండ ఈ పనికి చాలినంత ఉంటుంది.

4. తుంగ, గరిక: భూమిలోపలి సమస్య

తుంగ విషయంలో విత్తనాల లెక్క ఏమాత్రం పనిచేయదు. లెరాయ్ హోమ్, ఆయన సహరచయితలు 1977లో ప్రచురించిన గ్రంథంలో ప్రపంచంలోని కలుపు మొక్కలన్నింటిలో అత్యంత హానికరమైనదిగా తుంగనే పేర్కొన్నారు. ఆయుర్వేదంలో తుంగముస్తలుగా ప్రసిద్ధమైన దాని దుంపలు నేలలో గొలుసులా ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. అధికభాగం పై జానెడు లోతులోనే ఉన్నా, కొన్ని ఇంకా కిందికి దిగుతాయి. గొలుసు తెగనంతవరకు కొస దుంప చిగురిస్తూ మిగతావాటిని అణచి ఉంచుతుంది. పారతో నరికినప్పుడు ఆ అణచివేత తొలగి, ప్రతి ముక్కా విడిగా మొలకెత్తుతుంది. ఒక మొక్కను లాగితే నాలుగు మొలిచాయన్న ఫిర్యాదులో అతిశయోక్తి లేదు.

తుంగకు బలహీనతలు రెండు. ఒకటి, దుంప ఎండకు తట్టుకోలేదు. వేసవిలో నేలను తిరగవేసి దుంపలను పైకి తెచ్చి, చుక్క నీరు తగలకుండా కొన్ని రోజులు మండుటెండలో వదిలితే అవి శుష్కించి చనిపోతాయి. రైతులు వేసవి దుక్కులు దున్నడంలోని ఒక ప్రయోజనం ఇదే. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు పెరటి యజమానికి ఏటా ఒకసారి లభించే అవకాశం. అదే పనిని ఆగస్టులో చేస్తే దుంపలను ముక్కలు చేసి నాటినట్లే అవుతుంది. లోతుగా తవ్వకూడదన్న పై సూత్రానికి ఈ సందర్భం మినహాయింపు. ఏ మొక్క ఉందో గుర్తించిన తరువాతే పనిముట్టు చేతపట్టాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

రెండో బలహీనత నీడ. తుంగ నిండు వెలుతురులో పెరిగే మొక్క. దట్టమైన నీడలో దాని ఆకులు పలచబడి, కొత్త దుంపలు ఏర్పడటం తగ్గుతుంది. అయితే నల్ల పాలిథిన్ పట్టా వేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. చీకటిలో పెరిగే తుంగ మొలక సూదిలా బిగిసి పట్టాను చీల్చుకొని బయటపడుతుంది. పారదర్శకమైన పట్టా కింద మాత్రం వెలుతురు సోకి మొలక ముందే ఆకు విప్పుకుంటుంది. అప్పుడు చీల్చే శక్తి లేక పట్టా కిందనే మాడిపోతుంది. అంతమాత్రాన లోతులోని దుంపలన్నీ పోయినట్లు కాదు. వానాకాలంలో మిగిలిన మొలకలను రెండు వారాలకొకసారి తప్పకుండా తీస్తూ పోతే, కొత్త దుంప ఏర్పడే వ్యవధి లేక పాత దుంపలోని నిల్వ క్రమంగా ఖర్చవుతుంది. దీనికి ఒక ఏడు చాలదు. ఒక్క నెలలో తుంగను నిర్మూలించే పద్ధతి ఉందని చెప్పేవారిని నమ్మనవసరం లేదు.

అసలు చాలా ఇళ్లలోకి తుంగ వచ్చేది గాలితోనో పక్షులతోనో కాదు. పునాది ఎత్తు పెంచడానికి ట్రాక్టర్లతో తోలించిన చెరువుమట్టిలోనూ, నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల సంచుల్లోనూ వస్తుంది. మట్టి దింపక ముందు ఒక తట్టెడు జల్లెడ పట్టి దుంపలు ఉన్నాయేమో చూడటం, నర్సరీ మొక్కను నాటే ముందు సంచిలోని మట్టిని విదిలించి పరీక్షించడం ఏళ్ల తరబడి చేయవలసిన పనిని తప్పిస్తాయి. మాగని పశువుల ఎరువు కూడా ఇటువంటిదే. పశువు కడుపులో జీర్ణం కాని గింజలు పచ్చి పేడలో సజీవంగా ఉంటాయి. కుప్ప బాగా వేడెక్కి మాగితేనే అవి చనిపోతాయి.

గరిక స్థితి విచిత్రమైనది. పైరులో మొండి కలుపు. వినాయక చవితినాటి ఇరవై ఒక్క పత్రాల్లో దూర్వాయుగ్మం. నగరాల్లో కొని పరచుకునే పచ్చిక రకాల్లో కొన్ని ఈ గరిక జాతివే. నేలపై పాకే తీగల ద్వారా, నేల కింద సాగే కాండాల ద్వారా రెండు విధాలా వ్యాపిస్తుంది. కణుపు ఉన్న ముక్క ప్రతిదీ వేరూనుతుంది. దీనికీ నీడ పడదు. పచ్చిక పక్కనే పూలమడి ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య జానెడు లోతున నిలువుగా పాతిన నాపరాతి పలకల వరుస గానీ, దట్టంగా నాటిన వట్టివేరు గానీ గరికను ఆపుతుంది. వట్టివేరు వేళ్లు పక్కలకు పాకకుండా నిలువుగా దిగుతాయి కాబట్టి అది స్వయంగా కలుపుగా మారే భయం తక్కువ.

5. వయ్యారిభామ

అమెరికా ఉష్ణమండలానికి చెందిన వయ్యారిభామను భారతదేశంలో 1950ల మధ్యకాలంలో పుణేలో తొలిగా గుర్తించారు. దిగుమతి చేసుకున్న ఆహారధాన్యాలతో ఇది వచ్చిందన్నది విస్తృతంగా ప్రచారంలో ఉన్న అభిప్రాయం. ఖాళీ స్థలాలు, రోడ్ల అంచులు, ఇల్లు కట్టని ప్లాట్లు దీని స్థావరాలు. ఒక మొక్క 15,000 నుంచి 25,000 వరకు గింజలు ఇస్తుందని లెక్క. దీని స్పర్శ చర్మవ్యాధికి, పుప్పొడి శ్వాస సంబంధమైన ఎలర్జీలకు కారణమవుతాయి. మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థం పక్క మొక్కల మొలకను కూడా అడ్డుకుంటుంది.

దీని నియంత్రణలో రసాయనరహిత మార్గాలు తొలినుంచీ ముఖ్యమైనవే. మెక్సికోకు చెందిన జైగోగ్రామా బైకొలొరాటా అనే పెంకుపురుగును 1984లో బెంగళూరులో ప్రవేశపెట్టారు. ఆ పురుగు వానాకాలంలో ఆకులను తిని మొక్కను బోడి చేస్తుంది. పొడి నెలల్లో నేలలో నిద్రావస్థలోకి వెళ్తుంది. దానివల్ల ఉధృతి తగ్గిందే గాని సమస్య తీరలేదు. జబల్‌పూర్‌లోని కేంద్ర కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామపై అవగాహన వారోత్సవం నిర్వహిస్తుంది. ఆ తేదీల ఎంపికలో అర్థముంది. వానలకు మొలిచిన మొక్కలను, అత్యధికం గింజ కట్టకముందే, నేల తడిగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పెరకాలి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఒకసారి ఎలర్జీ వచ్చినవారు ఈ పనికి దూరంగా ఉండాలి. పూత రాని మొక్కలు ఎరువు కుప్పకు పనికివస్తాయి. పూత వచ్చినవి కుప్పలో వేస్తే మరుసటి ఏడు ఆ ఎరువుతోపాటు వయ్యారిభామను విత్తుకున్నట్లే. పెరికిన చోటును ఖాళీగా వదలకుండా తగిరిసను గానీ బంతిని గానీ దట్టంగా విత్తితే కొత్త మొలకలకు చోటు దొరకదు.

6. వాకిలి, పెరడు: రెండు విధానాలు

సంప్రదాయ తెలుగు ఇంటి ఆవరణను ఈ వెలుగులో పరిశీలిస్తే రెండు భిన్నమైన కలుపు విధానాలు ఒకే ఇంట్లో అమలైన సంగతి తెలుస్తుంది. ముందున్న వాకిలిలో ఏ మొక్కా ఉండదు, తులసికోట తప్ప. తెల్లవారుజామునే ఊడ్చి, పేడ కళ్లాపి చల్లి, ముగ్గు వేసే చోట అంతకుముందు రాలిన గింజలు చీపురుతో పోతాయి, మొలకెత్తినవి రెండాకుల దశలోనే నశిస్తాయి, నిత్యం తొక్కుడుకు నేల గట్టిపడుతుంది. ఊడ్పు ఆగిన ఇంటి వాకిలిలో మొదట కనిపించేవి గరిక, పల్లేరు వంటి నేలబారు మొక్కలే. తొక్కుడుకు ఓర్చుకోగలిగేవి అవే.

వెనుకనున్న పెరటిలో దీనికి విరుద్ధమైన పద్ధతి. స్నానాల నీరు పారే చోట అరటి, బావి దగ్గర కొబ్బరి, దడి మీద చిక్కుడు, పందిరి మీద పొట్ల, ఆనప, చెట్ల నీడన చామ, కంద, పసుపు. నేలకు చేరే వెలుతురును మూడు అంచెల్లో ఈ మొక్కలే వాడుకోవడంతో కలుపుకు మిగిలేది స్వల్పం. ఈ ఏర్పాటును పూర్వులు కలుపు నివారణ కోసమే రూపొందించారని చెప్పడానికి ఆధారం లేదు. శుచి, ఆహారం, నీటి పొదుపు వంటి కారణాలు ఇందులో ప్రధానమై ఉండవచ్చు. అయితే ఫలితం మాత్రం స్పష్టం: ఒకచోట నిత్య కదలిక, మరోచోట నిత్య నీడ.

నేటి ఇళ్లలో ఈ రెండూ పోయి, వాకిలి సిమెంటు గచ్చుగా, పెరడు పచ్చికగా మారాయి. గచ్చు కలుపును ఆపుతుంది గానీ వాన నీటిని ఇంకనివ్వదు. పచ్చిక నీటిని ఇంకనిస్తుంది గానీ తెలుగు నేల వేసవిలో అది అడిగే నీరు, కత్తిరింపు తక్కువేమీ కాదు. నేలకు మరీ దగ్గరగా కత్తిరించిన పచ్చికలో వెలుతురు నేలదాకా చేరి తుంగ పుంజుకుంటుంది. బోరు నీటిపై ఆధారపడిన ఇంట్లో కూర్చోవడానికి వీలైనంత మేర మాత్రమే పచ్చిక పెంచి, మిగిలిన నేలను వేరే విధంగా కప్పడం వివేకం.

7. నేలను కప్పడం: ఆచ్ఛాదన, అమరిక

ప్రకృతి వ్యవసాయంలో ఆచ్ఛాదనగా వ్యవహరించే పద్ధతి ఇంటి ఆవరణకు ఎక్కువ అనుకూలం. ఎండుటాకులు, వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, కొబ్బరి పీచు, వరిగడ్డి వీటిలో ఏది దగ్గరలో దొరికితే అది, రెండు నుంచి నాలుగు అంగుళాల మందాన పరచాలి. అంతకన్నా పలచగా ఉంటే వెలుతురు ఆగదు. మొండి కలుపు ఉన్నచోట ముందుగా అట్టపెట్టెల అట్టలను అంచులు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరచి తడిపి, దానిపై ఈ పొర వేస్తే మరింత ఫలితం ఉంటుంది. అట్ట కొన్ని నెలల్లో కుళ్లి నేలలో కలిసిపోతుంది. వరిగడ్డిలో రాలకుండా మిగిలిన గింజలు మొలిచి తామే కలుపు అవుతాయి కాబట్టి బాగా దులిపి వాడాలి.

ఈ పద్ధతిని పుస్తకాల్లో చదివి అమలు చేసేవారు ఇక్కడి రెండు వాస్తవాలను గమనించాలి. మొదటిది చెదలు. గడ్డి, ఆకుల పొరను ఇంటి గోడకు ఆనించకుండా కనీసం ఒక అడుగు ఎడం ఉంచాలి; చెట్టు మొదలుకూ కొద్దిపాటి ఖాళీ అవసరం. రెండోది పాములు, తేళ్లు. దట్టమైన ఆకుల పొర వాటికి ఆశ్రయం. రాత్రిపూట నడిచే దారి, నీళ్ల కుళాయి చుట్టూ, గుమ్మం ముందు నేల ఊడ్చిన వాకిలిలా శుభ్రంగా ఉండాలి. వాకిలిని ఖాళీగా ఉంచిన పాత అలవాటు ఇక్కడ నేటికీ సమర్థనీయమే. ఇటీవల బజారులో దొరికే నేత పట్టాలను పరచి పైన గులకరాళ్లు పోయడం మొదటి ఏడు బాగానే ఉంటుంది. ఆ తరువాత రాళ్ల సందుల్లో దుమ్ము చేరి, గింజలు పట్టా మీదనే మొలిచి, వేళ్లు అల్లికలోకి దిగి పెరకడానికి రాకుండా పోతాయి. పైగా ఎండలో వేడెక్కిన రాళ్లు రాత్రంతా గోడవైపు వేడిని వదులుతూ ఉంటాయి.

చనిపోయిన పొరకన్నా బతికిన పొర మేలు. కొత్తగా ఇల్లు కట్టిన స్థలంలో మొదటి వానాకాలం ఏ పూలమొక్కలూ నాటకుండా జనుము, జీలుగ, పిల్లిపెసర వంటివాటిలో ఒకదాన్ని దట్టంగా చల్లి, పూత దశలో నేలలో కలిపివేయడం మంచి ఆరంభం. నేలకు సారం చేరుతుంది, మొదటి విడత కలుపు నీడలో నశిస్తుంది. ఆ తరువాత శాశ్వత మొక్కల అమరిక. వాన నీరు గోడవైపు నిలవకుండా నేలను ఇంటినుంచి బయటికి కొద్దిగా వాలుగా సరిచేయాలి. నీరు నిలిచే పల్లమే తుంగకు అనువైన చోటు. మామిడి, జామ, సపోటా వంటి చెట్టు పూర్తిగా విస్తరించడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు చెట్ల మధ్య ఖాళీలో చిలగడదుంప తీగను గానీ అలసందను గానీ పాకించాలి. నీడ వచ్చాక పసుపు, చామ. ఎండ తగిలే అంచుల్లో నిమ్మగడ్డి, కనకాంబరం, గడ్డిగులాబీ. తడి ఉండే చోట పొన్నగంటి. మొక్కల మధ్య దూరాన్ని అవి ఎదిగినప్పుడు ఆకులు ఒకదానికొకటి తగిలేలా నిర్ణయించుకోవాలి. అందం కోసం విడివిడిగా నాటి, మధ్యలో మట్టిని ఖాళీగా వదిలే అలవాటు కలుపుకు ఆహ్వానం పలకడమే.

నీరు పెట్టే తీరును కూడా అమరికలో భాగంగానే చూడాలి. పైపుతో నేలంతా తడపడం కలుపుకూ సమానంగా నీరు పోయడమే. పాదులు చేసి మొక్క మొదట్లో మాత్రమే నీరు పోయడం, లేదా బిందుసేద్యపు గొట్టాలు అమర్చడం వల్ల వేసవి నెలల్లో పాదుల మధ్య నేల పొడిగా ఉండి కలుపు మొలకే ఆగుతుంది. నేలపై ఎండిన ఆ పొర దానికదే ఒక ఆచ్ఛాదన. దీనితో పోలిస్తే మందుల కోసం పెట్టే ఖర్చు అర్థరహితం.

8. తీసే చేతులు, మిగిల్చే మొక్కలు

రసాయనాలు వద్దన్నప్పుడు ఆ పని ఎవరి నడుము మీద పడుతుందన్న ప్రశ్న వేయకుండా చర్చ పూర్తికాదు. పొలంలో కలుపు తీత తరతరాలుగా స్త్రీల కూలిపనే. వంగి, గొంతుకూర్చుని గంటల తరబడి సాగే ఆ శ్రమకు మగవారి పనులకన్నా తక్కువ కూలి ఇవ్వడం తెలిసిన సంగతే. కూలీల కొరతే రైతును కలుపు మందు వైపు నెట్టింది. ఇంటి ఆవరణలోనూ ఆ పని గృహిణికో, పనిమనిషికో దక్కుతుంది. చేతితో పెరకడాన్ని ఆదర్శంగా కీర్తించే రచనలు ఈ కోణాన్ని విస్మరిస్తున్నాయి. పెరకవలసిన అవసరాన్నే తగ్గించే అమరికకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదొక కారణం. మిగిలిన కొద్దిపాటి పనికైనా వాన వెలిసిన మరునాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు పూనుకోవడం, నిలబడి చెక్కడానికి వీలైన పొడవు కర్ర దోకుడు పార వాడటం శ్రమను బాగా తగ్గిస్తాయి. పూత రాకముందు తీసిన ప్రతి మొక్కా మరుసటి ఏటి పనిలో కోత.

తీయవలసినవాటిని తగ్గించే మరో దారి, తీయనవసరం లేనివాటిని గుర్తుపట్టడం. గంగవాయిలి, పొన్నగంటి, తోటకూర, గలిజేరు ఇళ్ల చుట్టూ తమంత తాము మొలిచేవే, అన్నీ తినదగినవే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సాగుచేయని ఆకుకూరల ప్రాధాన్యాన్ని వెలుగులోకి తెచ్చాయి. పొలంలో మందు చల్లితే మొదట పోయేది పేదల కూరేనన్నది ఆ కృషిలోని సారాంశం. పెరటిలో గంగవాయిలిని కూరకు కోసుకోవచ్చు గానీ, పెరికిన మొక్కలను తడినేలపై వదలకూడదు. దాని కాడ ముక్కలు అక్కడే వేరూనుతాయి. మందు చల్లిన ఖాళీ స్థలాల్లోనుంచి, మురుగు కాలువల పక్కనుంచి తెచ్చిన ఆకు తినరాదన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

వినాయక చవితి పత్రిలోని దూర్వ, ఉత్తరేణి, ఉమ్మెత్త, విష్ణుక్రాంతం, జిల్లేడు, వాకుడు మరోచోట కలుపుగా పెరికివేయబడేవే. వీటిలో ఉమ్మెత్త విషపూరితం, జిల్లేడు పాలు కంటికి ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో పత్రి కోసమైనా వీటిని పెంచుకోనవసరం లేదు. తెలంగాణలో బతుకమ్మకు తంగేడుతోపాటు ప్రధానమైన గునుగు మెట్ట చేలలోని కలుపు మొక్క. కలుపు మందుల వాడకం పెరిగిన ఊళ్లలో గునుగు కోసం దూరం వెళ్లవలసి వస్తోందన్న మాట వినిపిస్తోంది. పట్టణాల్లో దాన్ని కొనుక్కోవలసిన స్థితి కళ్లముందే ఉంది. ప్రహరీ వారగా ఒక చదరపు గజం నేల గునుగుకు వదిలితే ఒక ఇంటి బతుకమ్మకు కొంత ఆసరా అవుతుంది. పండుగకు వెన్నులు కోసేనాటికి వాటి అడుగుభాగంలోని పూలు అప్పటికే ముదిరి, నల్లని నున్నని గింజలు కొన్ని నేలకు రాలి ఉంటాయి. కాబట్టి మరుసటి తొలకరికి ఆ గజం దాటి మొలిచిన గునుగును, రెండాకుల దశలోనే, దోకుడు పారతో చెక్కివేయవలసి ఉంటుంది.